ఒక బొటనవేలు, రెండేళ్ళ అలక

చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం వచ్చిన రోజు, ఇంట్లోవాళ్ళ తర్వాత ఆ మాట ఎవరికి చెప్పాలా అని ఆలోచించుకోవాల్సిన పనే లేకపోయింది. ఒక్కడే ఉన్నాడు. కాలేజీ నాటి స్నేహం, వాడికి తెలియని నా సంగతి లేదు, నాకు తెలియని వాడి సంగతి లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, పనిలో ఉన్నాడేమోలే అనుకుని నాలుగు లైన్ల మెసేజ్ పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. రెండు గంటల తర్వాత జవాబొచ్చింది. బొటనవేలు. పసుపుపచ్చ బొటనవేలు బొమ్మ ఒక్కటి. దాని ముందు మాట లేదు, వెనక మాట లేదు, ఆ రాత్రి ఫోనూ లేదు, మర్నాడూ లేదు.

ఆ బొటనవేలిని నేను రెండేళ్ళు మోశాను. నవ్వుకోండి, పర్వాలేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. వాడికి కుళ్ళు అని తేల్చేశాను. వాడి పుట్టినరోజుకి ఎప్పుడూ అర్ధరాత్రి ఫోన్ చేసేవాణ్ణి, ఆ ఏడు చెయ్యలేదు. నా పుట్టినరోజుకి వాడు శుభాకాంక్షలు పెడితే, చూసి, కావాలనే ఆరు గంటలు ఆగి, 'థాంక్స్' అని ఒక్క ముక్క కొట్టాను. ఈ లోపల మనసు ఊరుకోదు కదా. కోపం వస్తే అది మహా చురుకైన గుమాస్తా అయిపోతుంది, ఎప్పటెప్పటి కాగితాలో దుమ్ము దులిపి తెచ్చి బల్ల మీద పెడుతుంది: ఫలానాప్పుడు వస్తానని రాలేదు, ఫలానాప్పుడు అందరి ముందూ నా మీద జోకు వేశాడు, పదేళ్ళ కిందట తీసుకున్న పుస్తకం ఇంకా ఇవ్వలేదు. (పుస్తకం సంగతి నిజమే. ఇప్పటికీ ఇవ్వలేదు.)

మళ్ళీ మాట్లాడటానికి కారణం నా పెద్దమనసేమీ కాదు. అక్క ఒకరోజు మాటల్లో "వాడెలా ఉన్నాడ్రా?" అని అడిగింది. తెలీదన్నాను. అదేంటి, ఏమైంది అంది. చెప్పడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా లోపల అంత పెద్దగా ఉన్న కథ బయటికొచ్చేసరికి ఒక్క వాక్యంలో అయిపోయింది: నేను మెసేజ్ పెడితే వాడు బొటనవేలు పెట్టాడు. అక్క నా మొహంలోకి చూసి, "ఇంతేనా?" అంది. ఇంకా ఏదో ఉందని చెప్పడానికి నోరు తెరిచి, ఏమీ లేక మూసుకున్నాను.

ఆ రాత్రి వాడి నంబరు తెరవడం, మూయడం, తెరవడం, మూయడం, ఇరవై నిమిషాలు ఇదే పని. ఇన్నాళ్ళ తర్వాత ఎందుకు చేశాడా అనుకుంటాడేమో, ముభావంగా మాట్లాడతాడేమో, అసలు ఎత్తడేమో అని టెన్షన్. ఈ భయం నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. పెగ్గీ లియు అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2022లో ఇదే విషయం మీద వరసగా చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఊరికే గుర్తొచ్చి పలకరించినప్పుడు అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారో మనం వేసుకునే అంచనా ఎప్పుడూ తక్కువే ఉంటుందట, అనుకోకుండా వచ్చిన పలకరింపయితే అవతల సంతోషం ఇంకా ఎక్కువట. నాకు ఇదేమీ తెలియదు అప్పుడు, అక్క అడిగిన 'ఇంతేనా' ఒక్కటే చెవుల్లో ఉంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. వాడి వైపు నుంచి ఏదో పెద్ద కష్టం బయటపడుతుందని, అయ్యో నేను అర్థం చేసుకోలేకపోయానే అని కళ్ళు తడి చేసుకుంటానని, ఒక సీను మనసులో సిద్ధం చేసుకునే ఫోన్ చేశాను. అలాంటిదేమీ లేదు. ఆ రోజు మీటింగ్‌లో ఉన్నాడట, మెసేజ్ చూసి బోలెడు సంతోషపడి, రాత్రి తీరిగ్గా మాట్లాడదామని అప్పటికి బొటనవేలు పెట్టాడట, మర్చిపోయాడట. నాలుగు రోజులకి గుర్తొచ్చిందట, ఇంత ఆలస్యంగా చేస్తే ఏం బావుంటుందని ఆగాడట, ఆ తర్వాత పుట్టినరోజుకి నా ఫోన్ రాకపోయేసరికి పెద్ద ఉద్యోగం వచ్చాక వీడికి పొగరెక్కింది అనుకున్నాడట. "నువ్వు 'థాంక్స్' అని పెట్టావు చూడు, దాంతో ఖాయం చేసుకున్నాన్రా" అన్నాడు. అంటే రెండేళ్ళు ఇద్దరం చెరో కథ రాసుకుంటూ కూర్చున్నాం, రెండు కథల్లోనూ విలన్ అవతలివాడే, రెండు కథలకీ ఆధారం ఒక్కొక్క మెసేజ్.

అంతకుముందు 'పాజిటివ్‌గా ఉండాలి' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వుకోవడం, సూర్యోదయం ఫోటో మీద నాలుగు మంచి ముక్కలు రాసి అందరికీ పంపడం, ఇదేగా అనుకునేవాణ్ణి. ఈ బొటనవేలు గొడవ తర్వాత ఆ మాటకి నేను వేరే అర్థం చెప్పుకుంటున్నాను: ఎదుటివాళ్ళు ఏదైనా చేసినప్పుడో, చెయ్యనప్పుడో, దానికి నేనే ఒక కారణం ఊహించుకుంటాను చూడండి, ఆ కారణాన్ని కాస్త దయగా ఊహించుకోవడం. పొద్దున లేవగానే నా మూడ్ ఎలా ఉందన్నది దీనికి పెద్దగా అడ్డు రాదు. చిరాగ్గా ఉన్న రోజు కూడా ఈ పని చెయ్యొచ్చు, నేను చేసి చూశాను.

మనం ఎదుటివాళ్ళకి కారణాలు ఎంత అన్యాయంగా అంటగడతామో చూపించే పాత ప్రయోగం ఒకటుంది. ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1967లో ప్రచురించారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోని సమర్థిస్తూనో, విమర్శిస్తూనో రాసిన వ్యాసాలు ఇచ్చి, రాసినవాడి అసలు అభిప్రాయం ఏమై ఉంటుందో చెప్పమన్నారు. ఏ పక్షం రాయాలో వాడు ఎంచుకోలేదు, ఇలా రాయమని చెప్పి రాయించారు అని తెలిసినా కూడా, సమర్థిస్తూ రాసినవాడికి లోపల ఎంతో కొంత అభిమానం ఉండే ఉంటుందని చదివినవాళ్ళు మొగ్గారు. పరిస్థితి కళ్ళెదుట కనిపిస్తున్నా దాన్ని పక్కన పెట్టి మనిషి గుణాన్నే పట్టుకోవడం అన్నమాట. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు దీనికి 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు. పేరు పెద్దదే గానీ మనందరం రోజూ చేసే పనే. పక్కవాడు ఆలస్యంగా వస్తే బాధ్యత లేనివాడు, నేను ఆలస్యంగా వస్తే ట్రాఫిక్. తను ఫోన్ ఎత్తకపోతే లెక్కలేనితనం, నేను ఎత్తకపోతే నిజంగానే చూసుకోలేదు, ఒట్టు.

మార్టిన్ సెలిగ్‌మన్ అనే సైకాలజిస్టు, ఆశావాదం మీద ఎన్నో ఏళ్ళు పనిచేసినాయన, చెడు జరిగినప్పుడు మనకి మనం చెప్పుకునే కారణంలో మూడు సంగతులు చూడమంటాడు. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుంది అనుకుంటున్నామా, దీంతో మిగతావన్నీ కూడా పాడైపోయినట్టే అనుకుంటున్నామా, మొత్తం తప్పు నాదే అనుకుంటున్నామా. ఆయన చెప్పింది మన కష్టాల గురించి, నేను దాన్ని మనుషుల మీదికి తిప్పుకున్నాను. 'వాడెప్పుడూ ఇంతే' అంటాం కదా, ఒక్కసారి ఆ మాటని విడదీసి చూడండి. 'ఎప్పుడూ' అన్నప్పుడు వాడికి రేపు లేకుండా చేశాం, 'ఇంతే' అన్నప్పుడు వాడిలో ఇంకేమీ లేదని తేల్చేశాం. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద తీర్పు. ఇప్పుడు ఆ మాట నాలుక చివరికి వచ్చినప్పుడు దాన్ని 'ఇవాళ ఇలా చేశాడు' అని మార్చుకుంటున్నాను. పదిసార్లలో ఆరుసార్లు గుర్తుంటోంది, మిగతా నాలుగుసార్లు అనేసి నాలుక్కరుచుకుంటున్నాను. (ఆ 'ఇవాళ' రోజూ వస్తూ ఉంటే అప్పుడు సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.)

అసలు మా ఇద్దరి విషయంలో నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, మేం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. పోట్లాట వల్ల పోయిన స్నేహాలు నాకు తెలిసి చాలా తక్కువ, పలక్కపోవడం వల్ల పోయినవే ఎక్కువ. దీని గురించి జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఇల్లులాంటి ఒక ల్యాబ్ ఏర్పాటు చేసి, కొత్తగా పెళ్ళయిన జంటల్ని ఒక రోజు అందులో ఉండమని, మామూలుగా వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటుంటే కెమెరాలతో గమనించాడు. ఆయన చూసింది పెద్ద విషయాలు కాదు. ఒకరు కిటికీలోంచి చూస్తూ "అబ్బ, ఆ పిట్ట చూడు" అంటారు. రెండోవాళ్ళు తలెత్తి చూశారా, "ఊఁ" అన్నారా, అసలు విననట్టే ఉన్నారా. ఇలాంటి చిన్న చిన్న పిలుపుల్ని లెక్కపెట్టి, ఆరేళ్ళ తర్వాత ఆ జంటల్ని మళ్ళీ చూస్తే, ఇంకా కలిసి ఉన్నవాళ్ళు అప్పట్లో ఆ పిలుపులకి నూటికి 86 సార్లు పలికారు, విడిపోయినవాళ్ళు 33 సార్లు.

పిట్ట గురించి ఎవరికి పట్టింది చెప్పండి. 'ఆ పిట్ట చూడు' అంటే 'నేనిక్కడ ఉన్నాను, నువ్వూ ఉన్నావా' అని అడగడం. తెలుగులో దీనికి పలకరింపు అని ఎంత చక్కటి మాట ఉందో, దాన్ని మనం 'బావున్నారా' దగ్గరికి కుదించేశాం గానీ, నా లెక్కలో అక్క వంటింట్లోంచి "ఇదిగో, ఇది విన్నావా" అనడమూ పలకరింపే, చిన్నపిల్లాడు తను గీసిన గీతల కాగితం మన మొహం మీద పెట్టడమూ పలకరింపే, పక్క సీటతను "ఇవాళ భలే ఉక్కగా ఉందండీ" అనడమూ పలకరింపే. వీటికి పలకడానికి డబ్బు అక్కర్లేదు, టైము కూడా పెద్దగా అక్కర్లేదు, తలెత్తాలి అంతే. ఫోన్లోంచి తలెత్తడం అనేది ఈ రోజుల్లో ఎంత బరువైన పనో అందరికీ తెలుసు కాబట్టి దాని గురించి ఉపన్యాసం ఇవ్వను. నేనే ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు "ఊఁ... ఏంటీ, మళ్ళీ చెప్పు" అంటానో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడో రోజుకి సిగ్గుతో లెక్క ఆపేశాను.

ఆ గాట్‌మన్ చెప్పినవాటిలోనే ఇంకో రెండు సంగతులు. నిలబడిన జంటలు గొడవ పడుతున్నప్పుడు కూడా ఒక చేదు మాటకి ఐదు మంచి సూచనలు ఉంటాయట, మంచి సూచన అంటే పొగడ్తే కానక్కర్లేదు, తల ఊపడం, మధ్యలో చిన్న జోకు, 'అది నిజమే అనుకో' అని ఒప్పుకోవడం. ఒకటికి ఒకటి సరిపోదన్నమాట, ఎందుకంటే మంచి కంటే చెడు మన మీద ఎక్కువ ముద్ర వేస్తుంది, రాయ్ బౌమైస్టర్ అనే సైకాలజిస్టు, ఇంకొందరు కలిసి 2001లో ఎన్నో పరిశోధనల్ని ఒకచోట పేర్చి ఈ విషయమే చూపించారు. పది మంది మెచ్చుకుని ఒకరు వంక పెడితే రాత్రి నిద్రపట్టనివ్వనిది ఏదో మనకి తెలియనిదా. రెండోది, బంధాన్ని తినేసేవాటిలో అన్నిటికంటే ప్రమాదం చిన్నచూపు. అరుపులు కాదు, చిన్నచూపు. మూతి విరుపు, కళ్ళు తిప్పడం, వెటకారం. ఇక్కడ నాకు కొంచెం గుచ్చుకుంది, ఎందుకంటే వెటకారం నాకు గర్వకారణంగా ఉండేది, సభలో నలుగురూ నవ్వితే అదో కిక్కు. నవ్విన నలుగురిలో ఐదోవాడు ఉంటాడు, ఎవరి మీద వేశామో వాడు, వాడు కూడా నవ్వుతాడు, అదే ఇబ్బంది. వాడి నవ్వు మనకి అనుమతిలా కనిపిస్తుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిది అని పెద్దవాళ్ళు అంటుంటే అది మర్యాద పాఠం అనుకునేవాణ్ణి, ఇప్పుడు అది మామూలు లెక్కలా కనిపిస్తోంది.

మళ్ళీ ఆ బొటనవేలి దగ్గరికొస్తాను, ఎందుకంటే అందులో ఇంకో సంగతి ఉంది. నాకు నొప్పెట్టింది కష్టంలో వాడు రాలేదని కాదు, సంతోషంలో రాలేదని. కష్టంలో తోడున్నవాడే స్నేహితుడు అని మనం ఎంతగా చెప్పుకుంటామో, సంతోషంలో తోడుండటం గురించి అంతగా చెప్పుకోం, అదేదో తేలికైన పని అన్నట్టు. తేలిక కాదు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు ఇదే చూసింది: మన దగ్గరివాళ్ళు మంచి వార్త చెప్పినప్పుడు మనం నాలుగు రకాలుగా స్పందిస్తాం. ఆసక్తిగా, ఇంకా చెప్పు ఇంకా చెప్పు అన్నట్టు. పొడిగా, 'ఓ, మంచిది' అన్నట్టు. వంకపెడుతూ, 'మరి దాంతో వచ్చే ఇబ్బందులు చూసుకున్నావా' అన్నట్టు. లేదా అసలు విననట్టు మాట మార్చేసి. ఈ నాలుగింటిలో మొదటిది ఒక్కటే బంధానికి బలమిస్తుంది. పొడిగా మెచ్చుకోవడం కూడా లెక్కలోకి రాదట, బొటనవేలు ఆ గదిలో పడుతుంది.

మూడో రకం నాది. వంకపెట్టే రకం. నేను దాన్ని 'జాగ్రత్త చెప్పడం' అనేవాణ్ణి. ఆఫీసులో నాతో పనిచేసే ఒకమ్మాయి మూడోసారికి డ్రైవింగ్ పరీక్ష పాసై, పరిగెత్తుకుంటూ వచ్చి చెబితే, నేనన్న మొదటి మాట "హైవే మీద మాత్రం కొన్నాళ్ళు వద్దు" అని. ఆ అమ్మాయి మొహంలో దీపం ఆరినట్టు అవడం చూశాను, చూసి కూడా అప్పుడు అర్థం కాలేదు, మంచే చెప్పాను కదా అనుకున్నాను. మంచే చెప్పాను, కాకపోతే ఒక రోజు ఆగి చెప్పాల్సింది. ఇప్పుడు ఎవరైనా మంచి వార్త చెబితే నేను ఒక ప్రశ్న అడుగుతాను, సలహా లేని ప్రశ్న: "చెప్పగానే నీకెలా అనిపించింది?" "ఇంట్లో ఏమన్నారు?" మనుషులు ఎంత ఇష్టంగా చెబుతారో, అదే సంతోషాన్ని నా ముందు రెండోసారి అనుభవిస్తారు. కొన్నిసార్లు లోపల చిన్న అసూయ కుట్టినా కూడా ఆ ప్రశ్న అడగొచ్చు, అసూయ పోయేదాకా ఆగక్కర్లేదు, జవాబు వినేలోపు అదే సగం చల్లారుతుంది.

ఇదంతా చదివి మంచి సంబంధాలంటే అందరితో అన్నిటికీ సరే అనడం అనుకునేరు. నేను అలా కూడా బతికాను. మొహమాటం మీద మనకో సామెత ఉంది, ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం, మీకు తెలిసే ఉంటుంది. ఎవరైనా పని చెబితే లేదనలేక ఒప్పుకోవడం, ఒప్పుకున్నాక ఆ మనిషిని లోపల తిట్టుకుంటూ చెయ్యడం, చేసినంతసేపూ ఇది వాళ్ళకి తెలియాలి అనుకోవడం, వాళ్ళకి తెలియకపోతే అదో కోపం. పాపం వాళ్ళు అడిగింది ఒక పని, మనం వాళ్ళ ఖాతాలో రాసింది ఒక నేరం. "ఈ వారం కుదరదండీ, వచ్చే వారమైతే చేస్తాను" అని చెప్పిన మనిషి మీద నాకు తెలిసి ఎవరూ రెండేళ్ళు అలగలేదు. నాకు ఆ వాక్యం నోటికి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. అడగడం కూడా అంతే, నాకు చేతకాదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అదో పెద్దరికం. పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాత్రం, తనంటే గిట్టని ఒక శాసనసభ్యుడి దగ్గర అరుదైన పుస్తకం ఒకటి ఉందని తెలిసి, కొన్నాళ్ళు చదువుకోవడానికి ఇవ్వమని ఉత్తరం రాశానని, ఆయన వెంటనే పంపాడని, ఆ తర్వాత ఇద్దరం చివరిదాకా స్నేహితులుగా ఉన్నామని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. సాయం చేసినవాడు సాయం పొందినవాణ్ణి ఇష్టపడటం మొదలుపెడతాడన్నది అందులో మర్మం. ఫ్రాంక్లిన్ ఆ పుస్తకాన్ని ఇంచుమించు వారంలో తిరిగిచ్చేశాడని మావాడు గమనించాలి.

వయసు పెరిగాక కొత్త స్నేహాలు ఎందుకు కావు అని చాలామంది బాధపడతారు, గుణం ఏదో మారిపోయిందనుకుంటారు. గుణం కంటే గంటలు ముఖ్యం అనిపిస్తుంది నాకు. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 2018లో వేసిన అంచనా ప్రకారం ముఖ పరిచయం మామూలు స్నేహం కావడానికి ఇద్దరూ కలిసి గడిపిన సమయం 50 గంటల దాకా పడుతుంది, స్నేహితుడు అని గట్టిగా చెప్పుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200 పైన. పని చేసుకుంటూ పక్కపక్కన కూర్చున్న గంటలు పెద్దగా లెక్కకి రావు, ఊరికే గడిపినవే. కాలేజీలో ఆ 200 గంటలు మనకి తెలియకుండానే రెండు నెలల్లో అయిపోయేవి. దగ్గరగా ఉండటమే సగం పని. ఫెస్టింజర్ అనే సైకాలజిస్టు బృందం అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం విద్యార్థుల ఇళ్ళ సముదాయంలో చూసి 1950లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒకే అంతస్తులో పక్క తలుపువాళ్ళని దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్ళు 41 శాతం, రెండు తలుపుల అవతలివాళ్ళ విషయంలో 22, ఆ చివర ఈ చివర అయితే 10. అంటే నాలుగు అడుగులు ఎక్కువ నడవాల్సొస్తే స్నేహం కాలేదు! ఇది తెలిశాక నా మీద నాకు కొంచెం జాలి వేసింది, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. మనం మాట్లాడింది అవతలివాళ్ళకి నచ్చలేదేమో అన్న అనుమానం కూడా చాలావరకు ఉత్తదే, 2018లోనే ఎరికా బూత్‌బీ అనే పరిశోధకురాలి బృందం చూపించింది, కొత్తవాళ్ళు మాట్లాడుకున్నాక తాము అవతలివాళ్ళకి ఎంత నచ్చామో ఇద్దరూ తక్కువే అంచనా వేసుకుంటారట. ఇద్దరూ! ఇద్దరూ ఇంటికెళ్ళి 'ఛ, అతిగా వాగానేమో' అనుకుంటూ పడుకుంటారు.

హార్వర్డ్‌లో 1938లో మొదలై ఇప్పటికీ సాగుతున్న, మనుషుల జీవితాల్ని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం గురించి మీరు వినే ఉంటారు కాబట్టి దాన్ని పొడిగించను. అందులో యాభై ఏళ్ళ వయసులో తమ బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారని, కొలెస్ట్రాల్ అంకెల కంటే ఇదే బాగా ఊహించగలిగిందని చెబుతారు. మొదట్లో తీసుకున్నవాళ్ళందరూ మగవాళ్ళే అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. నేనైతే ఎనభైలో ఆరోగ్యం కోసం ఎవరికీ ఫోన్ చెయ్యడం లేదు, ఆ రాత్రి వాడు నవ్విన నవ్వు చాలు.

ఇక పాజిటివ్ మాట పనికిరాని చోట్ల గురించి. నా దగ్గరివాళ్ళలో ఒకరి తల్లి పోయినప్పుడు వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, ఆ నిశ్శబ్దం భరించలేక, "ఎక్కువ బాధపడకుండా వెళ్ళిపోయారు, అదొక అదృష్టం అనుకోండి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. చాలా నెలల తర్వాత, కోపం లేకుండానే, "ఆ రోజు అదృష్టం అనే మాట వినే స్థితిలో లేనండీ నేను" అంది. అది ఆవిడ కోసం అన్న మాట కాదని అప్పుడు తెలిసింది, నా ఇబ్బంది తగ్గించుకోవడానికి అన్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర వెలుగు చూపించబోతే వాళ్ళు ఒంటరివాళ్ళవుతారు. పక్కన కూర్చోవచ్చు, వాళ్ళ ఫోన్లు ఎత్తొచ్చు, మంచినీళ్ళు ఇవ్వొచ్చు. నాలుగు రోజుల తర్వాత అందరూ వెళ్ళిపోయాక ఒకసారి వెళ్ళొచ్చు, ఇది మాత్రం నేను చేశాను, అదొక్కటీ సరిగ్గా చేశాను. మన సొంత కలల విషయంలోనూ ఇంతే. గాబ్రియెల్ ఓటింగెన్ అనే సైకాలజిస్టు 1991లో, బరువు తగ్గడానికి చేరిన ఆడవాళ్ళని గమనిస్తే, సన్నబడిపోయినట్టు తియ్యటి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్ళే తక్కువ తగ్గారు. ఊహలోనే పని అయిపోయినట్టు మనసు సోఫాలో జారబడుతుంది కాబోలు.

ఇందాక 'ఇవాళ' అన్న మాట రోజూ వస్తే అన్నాను కదా. కొందరితో అంతే. నేను పదిసార్లు దయగల కారణం రాసుకున్నాను ఒకరి విషయంలో, పదకొండోసారి రాయబోతే నా చెయ్యే ఆగింది. ఆ మనిషి నన్ను చిన్నబుచ్చడం పొరపాటున జరగడం లేదు, నలుగురు ఉన్నప్పుడు మాత్రమే జరుగుతోంది. ఒకసారి నేరుగా చెప్పాను, నవ్వి కొట్టిపారేశాడు. పోట్లాడలేదు, ఎడమొహం పెడమొహం కూడా లేదు, కనపడితే పలకరిస్తాను, కాకపోతే నా మంచి వార్తలు ఆ ఇంటికి తీసుకెళ్ళను. దీన్ని ఓటమి అనుకున్నాను కొన్నాళ్ళు. ఇప్పుడు అలా లేదు, ఆ సాయంత్రాలు వేరేవాళ్ళకి వెళ్తున్నాయి, అంతే.

మా ఇద్దరి సంగతి ఏమైందంటారా, వాడు మారలేదు. మెసేజ్‌లకి జవాబులు మర్చిపోతూనే ఉంటాడు. నేను మారాననుకుంటున్నాను గానీ, మొన్న మూడు రోజులు జవాబు లేకపోతే గుమాస్తా లేచి కాగితాల అలమర వైపు నడవడం గమనించాను. ఈ పోస్టు రాయడం అయ్యాక వాడికి పంపించి, మన సంగతి నలుగురిలో పెట్టనా, నీకేమైనా అభ్యంతరమా అని అడిగాను. రెండు గంటల తర్వాత జవాబొచ్చింది.

బొటనవేలు.

వెంటనే ఫోన్ చేశాను. అంతా బాగానే ఉందట, పుస్తకం ముక్క ఒక్కటీ తీసెయ్యమంటున్నాడు. తియ్యనని చెప్పాను.